అట్లాంటిక్ దాటిన పాఠం లిండ్‌బర్గ్‌తోనే మొదలవ్వాలా?

చర్చ ప్రారంభం: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని

మా బడిలో ఎనిమిదో తరగతికి తొలినాటి దూరప్రయాణ విమానాల గురించి చెప్పడానికి రెండు పీరియడ్లు దొరికాయి. 1927 మే 20న న్యూయార్క్ దగ్గరి రూజ్‌వెల్ట్ మైదానంలో ఒంటరిగా బయలుదేరి, దాదాపు 33 గంటల 30 నిమిషాల తరువాత పారిస్ శివార్లలోని లె బుర్జేలో దిగిన చార్లెస్ లిండ్‌బర్గ్‌తో పాఠం మొదలుపెడదామనుకున్నాను. అలా మొదలుపెడితే పిల్లలకు తప్పుడు చరిత్ర తలకెక్కుతుందని మా సహోపాధ్యాయులొకరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఒక్క మనిషి, ఒక్క ఇంజను, కింద అంతా సముద్రం. పన్నెండేళ్ల పిల్లలు నోరు తెరుచుకుని వినడానికి ఇంతకంటే ఏం కావాలన్నది నా వాదన. మీరేమంటారు?

భౌతికశాస్త్రం మాస్టారు

మీ సహోపాధ్యాయుల మాటే సరైనదండీ. అట్లాంటిక్‌ను ఎక్కడా ఆగకుండా మొదట దాటినవారు జాన్ ఆల్కాక్, ఆర్థర్ విటెన్ బ్రౌన్. 1919 జూన్ 14న ఇప్పటి కెనడా తూర్పు అంచున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని సెయింట్ జాన్స్ నుంచి, యుద్ధం కోసం తయారైన వికర్స్ విమీ అనే రెండు ఇంజన్ల బాంబరులో బయలుదేరి, సుమారు 3,000 కిలోమీటర్లు పదహారు గంటల్లో ఎగిరి, మర్నాడు ఉదయం ఐర్లండ్‌లోని క్లిఫ్డెన్ దగ్గర దిగారు. ఆ మరుసటి నెలలోనే ఆర్ 34 అనే గాలిఓడ (తేలికైన వాయువు నింపి, ఇంజన్లతో నడిపే భారీ బెలూను) ముప్ఫై మందిని మోసుకుని అదే సముద్రాన్ని దాటింది. లిండ్‌బర్గ్ ఘనత ఒంటరిగా దాటడం, అదీ న్యూయార్క్ నుంచి పారిస్ దాకా. ఆ ‘ఒంటరిగా’ అన్న మాట పాఠంలో జారిపోతే మిగిలేది అబద్ధమే. మా బడి క్విజ్‌లో ‘మొదట దాటినది ఎవరు?’ అన్న ప్రశ్నకు దాదాపు అందరూ లిండ్‌బర్గ్ అనే రాశారు. దానికి నేనే మార్కు వేసిన ఏడాది కూడా ఒకటుందని సిగ్గుపడుతూ చెప్పుకుంటున్నాను.

అయితే నా అసలు పట్టుదల తేదీల గురించి కాదు, బ్రౌన్ గురించి. విమానం నడిపినది ఆల్కాక్ కాగా, మబ్బుల సందుల్లోంచి ఎప్పుడైనా సూర్యుడో నక్షత్రమో కనిపించినప్పుడు సెక్స్‌టెంట్‌తో కోణం కొలిచి, గాలి ఎంత పక్కకు నెడుతోందో లెక్క కట్టి దారి చెప్పినది బ్రౌన్. బయలుదేరిన కాసేపటికే జనరేటరు పాడై రేడియో మూగబోయింది. దిశ ఐదు డిగ్రీలు తప్పితే 3,000 కిలోమీటర్ల చివరికి దాదాపు 260 కిలోమీటర్లు పక్కకు పోతామని పిల్లల చేతే గ్రాఫు కాగితం మీద గీయించండి. చేతిలోని స్కేలు కాస్త కదిలితే ఐర్లండ్ అంచు ఎక్కడికి పోతుందో వాళ్లే చూస్తారు.

ఆరో తరగతి పిల్లవాడి తల్లి

మాస్టారూ, లెక్కలు లిండ్‌బర్గ్ దగ్గరా ఉన్నాయి కదండీ! ఆయన నింపుకున్న పెట్రోలు సుమారు 1,700 లీటర్లు; లీటరుకు 720 గ్రాముల చొప్పున మా అబ్బాయి లెక్క కట్టి, పెట్రోలు బరువు ఖాళీ విమానం బరువును మించిపోయిందని తెలుసుకుని, నమ్మలేక మళ్లీ గుణించాడు. పెద్ద ట్యాంకు ముందు భాగంలో పెట్టడంతో ఎదురుగా చూసే వీలే లేక, ఒక చిన్న పెరిస్కోపు అమర్చుకున్నారన్నది విన్నాక వాడు రెండు రోజులు వేరే మాట మాట్లాడలేదు. ముందు మనిషి, తరువాతే లెక్క అన్న క్రమం పిల్లల విషయంలో పనిచేస్తుంది. కాకపోతే, ఆ ప్రయాణానికి పన్నెండు రోజుల ముందు పారిస్ నుంచి ఎదురు దిశలో బయలుదేరి కనిపించకుండా పోయిన ఫ్రెంచి వైమానికులు నంజెసర్, కోలీల సంగతి కూడా అదే పీరియడులో చెప్పాలి. గెలిచినవాడిని మాత్రమే చూపిస్తే ప్రమాదం ఎంతటిదో తెలియదు.

విమానాల మరమ్మతు పనిలో ఉండి రిటైరైన వ్యక్తి

అందరూ అట్లాంటిక్ దగ్గరే ఆగిపోయారు. ఇంగ్లండుకూ భారతదేశానికీ మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయుడికి ఇస్మాయిలీ ముస్లింల మతగురువు ఆగాఖాన్ ప్రకటించిన 500 పౌండ్ల బహుమతి కోసం 1930లో ముగ్గురు పోటీపడ్డారు. జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి పడమటికి, ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుంచి తూర్పుకు బయలుదేరగా, ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ తారసపడ్డారు. స్పార్క్ ప్లగ్గు లేక ఆస్పీ అక్కడే చిక్కుకుపోయి ఉంటే, టాటా తన దగ్గరున్న అదనపు ప్లగ్గు ఇచ్చారు. చివరికి కొద్ది గంటల తేడాతో ఆస్పీయే గెలిచారు. మూడో పోటీదారు మన్‌మోహన్ సింగ్ ప్రయాణం పూర్తిచేసినా గడువు దాటిపోవడంతో బహుమతి దక్కలేదు.

భౌతికశాస్త్రం మాస్టారు

సంఘటన బాగుంది గానీ, ప్లగ్గు దానం చేసిన పుణ్యాత్ముడి నీతికథగా దాన్ని మార్చేస్తారేమోనని నా భయం.

విమానాల మరమ్మతు పనిలో ఉండి రిటైరైన వ్యక్తి

నీతి జోలికి వెళ్లనక్కర్లేదండీ. ఇద్దరివీ జిప్సీ మాత్ విమానాలే కాబట్టి ఒకరి ప్లగ్గు ఇంకొకరికి సరిపోయింది. నూనె మసి పట్టిన ప్లగ్గులో నిప్పురవ్వ రాక ఇంజను ఎలా తడబడుతుందో చూపించడానికి, ఏ మెకానిక్ షెడ్డులోనైనా అడిగితే పాత స్కూటరు ప్లగ్గు ఒకటి ఊరికే ఇస్తారు. పిల్లల చేతికి అదిచ్చి కథ చెప్పండి.

సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని

ప్లగ్గు సంపాదిస్తాను. క్రమం మాత్రం మార్చుకుంటున్నాను: పచ్చిక మైదానమనుకుని దిగిన చోటు బురదనేల కావడంతో ముక్కు నేలలో గుచ్చుకుని నిలబడిపోయిన విమీతోనే మొదలుపెడతాను. సాహసం కోరే పిల్లలకు ఆ దృశ్యం చాలు. బ్రౌన్ రెక్కల మీదికి పాకి మంచు గీకాడన్న ప్రసిద్ధ కథను కొందరు ఒప్పుకోరు కనుక, ‘అంటారు’ అని చెప్పి వదిలేస్తాను. లిండ్‌బర్గ్, పెట్రోలు లెక్క, అబూకిర్ రెండో పీరియడులో వస్తాయి. బడి అట్లాసులో క్లిఫ్డెన్ పేరే లేదు. గాల్వేకు వాయవ్యంగా, తీరం అంచున పెన్సిలుతో చుక్క పెట్టాను.