లగ్గం గోవలనా, లక్నవరం దిక్కునా, హన్మకొండ ఫంక్షన్ హాల్లనా?

హన్మకొండ పెళ్లిపిల్ల అన్న:
చెల్లె లగ్గం మాఘంల ఉంది. వియ్యాలవారిది జగిత్యాల. పిల్లలిద్దరు గోవ అంటున్నరు. నాయినేమో ములుగు కాడ లక్నవరం చెరువు దిక్కు రిసార్ట్ అయితే మనోళ్లందరు వస్తరంటున్నడు. దూరం పోతే ఖర్చు తగ్గుతదా, పెరుగుతదా? ఎక్కడెక్కడ దెబ్బ పడుతది? పని తెలిసినోళ్లు చెప్పుర్రి.

కేటరింగ్, కరీంనగర్:
తమ్మీ, ముందుగాల ఒక్కటి తేల్చుకోర్రి: తిరిగొచ్చినంక దావత్ ఉంటదా, లేదా? 1,000 మందిని పిలిచే ఇల్లయితే, గోవకు 150 మందిని తీస్కపోయినా మిగిలిన 850 మందికి బగారన్నం, మటన్ పెట్టక తప్పది. నూరు మందికి 12 కిలోల బియ్యం, 20 కిలోల మటన్ లెక్కన 102 కిలోల బియ్యం, 170 కిలోల మటన్. నీళ్లు నూరు మందికి పది క్యాన్లు, ఎండకాలమైతే ఇంకా ఎక్కువ. మళ్ల హాలు, మళ్ల టెంటు, మళ్ల వంటోళ్లు. గప్పుడు ఖర్చు తగ్గుడు కాదు, రెండుసార్లు అయితది. "దావత్ లేదు" అని రెండిండ్ల పెద్దలు లగ్నపత్రిక రాయకముందే ఒప్పుకుంటేనే గోవ లెక్క నిలుస్తది. కార్డులు పంచినంక ఆ మాట ఎత్తితే చుట్టాలల్ల మాట పడుతది.

ఈవెంట్ల పని, పరకాల:
హోటల్ వాళ్లు చెప్పే ప్లేటు రేటు చూసి మురవకండి. అసలు బిల్లు రూముల దగ్గర పెరుగుతుంది. 150 మందికి రూముకు ముగ్గురు చొప్పున 50 రూములు. మేళం, అయ్యగారు, ఫోటోగ్రాఫర్లు, మేకప్ వాళ్లకు ఇంకో ఆరేడు. గోవ లాంటి చోట్ల చెకిన్ మధ్యాహ్నం 2 గంటలకు, చెకౌట్ పొద్దున 11 గంటలకు పెడతారు. ముహూర్తం 10.40కి ఉంటే తలంబ్రాల టైమ్‌లో సగం మంది బ్యాగులు సర్దుకుంటూ ఉంటారు. అందుకే సాయంత్రం దాకా రూములు ఉంచుతామని హోటల్‌తో కాగితం మీద రాయించుకోవాలి. ఒప్పుకోకపోతే సామాన్లకు, ముసలివాళ్లకు ఐదు రూములైనా ఇంకో రాత్రికి తీసుకోండి.

పన్ను సంగతి చాలామంది చూడరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు రూముకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 50 రూములు రెండు రాత్రులకు 8,000 చొప్పున తీసుకుంటే 8 లక్షలు, దాని మీద పన్ను 1,44,000. అవే రూములు 7,400కు మాట్లాడితే 7,40,000, పన్ను 37,000. బేరం 600 దగ్గర ఆగినట్టే కనిపిస్తుంది, పన్నుతో కలిపి తేడా మాత్రం 1,67,000. ఖరీదైన రూములున్న హోటళ్లలో భోజనాలకూ 18 శాతం వేస్తారు, కొటేషన్ తీసుకునేటప్పుడే విడిగా అడగండి.

ఇంకో పెద్ద చిక్కు హోమం. ఏసీ హాళ్లలో పొగను పసిగట్టే పరికరాలుంటాయి. నెయ్యి పోయగానే అలారం మోగి, మంగళసూత్రధారణ టైమ్‌కు హాలు ఖాళీ చేయించే పరిస్థితి వస్తుంది. మండపం ఆరుబయట పెట్టండి, లేదంటే ఆ రెండు గంటలు అక్కడ అలారం ఆపి, సిబ్బందిని పక్కన నిలబెడతామని రాయించుకోండి. హోమగుండం కింద ఇటుకలు, ఇసుక తప్పనిసరి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు, కాబట్టి రాత్రి ముహూర్తమైతే మైకు లేకుండానే మంత్రాలు. గోవలో విమానాశ్రయాలు రెండు. దక్షిణ గోవ హోటల్ తీసుకుని ఉత్తరాన ఉన్న మోపా విమానాశ్రయానికి టికెట్లు కొంటే పెద్దలకు రోడ్డు మీదే రెండు గంటలు పోతాయి.

అమ్మమ్మల మాట, జనగామ:
బిడ్డా, పోచమ్మకు బోనం, కోట్నం, మైలపోలు, ఐరేణి కుండలు, లగ్గానికి ముందు చేసే గివన్ని ఇంటికాడనే చేసుకోవాలె. కుమ్మరి ఇంటి నుంచి తెచ్చిన కుండలు విమానంల యాడ పెడ్తరు? లగ్గానికి మూడొద్దుల ముందు ఇంటిపని ముగించి, ఒక దినం పిల్లను పండుకోనిచ్చి, గప్పుడు బయలెల్లుర్రి. కుడుకలు (ఎండుకొబ్బరి), కర్పూరం విమానంల రానియ్యరు, రెంటికీ నిప్పంటుకునే గుణం ఉంటదని. ఒడిబియ్యం కుడుకలు అక్కడ బజార్లనే కొనాలె. పూజ సామాను పట్టీ అయ్యగారితోని రాయించుకొని, విమానంల వచ్చేదొకదిక్కు, అక్కడ కొనేదొకదిక్కు వేరు చేసుకోర్రి.

ములుగు:
లక్నవరం అందం వానలు పడి చెరువు నిండినంకనే. మాఘంల నీళ్లు ఎంతున్నయో పోయి చూసుకోవాలె. దీవుల మీది రూములకు వేలాడే వంతెన మీద నడిచో, పడవ ఎక్కో పోవాలె. పూలు, వంట సామాను, మోకాళ్ల నొప్పులున్న అవ్వలు, అన్నీ గట్లనే దాటాలె. అందుకే మండపం, వంట ఒడ్డుమీదనే పెట్టుర్రి. జనరేటర్ మీదే తెచ్చుకోర్రి, ఫోన్ సిగ్నల్ ఏ కంపెనీది అందుతదో ముందే చూసుకోర్రి.

మాఘం అంటున్నవు కదా అన్నా, ఏ ఏడో చూసుకో. మేడారం జాతర రెండేండ్లకోసారి మాఘ పున్నమికే వస్తది. 2024ల, 2026ల అయింది, మళ్ల 2028ల. ఆ వారం వరంగల్ నుంచి ఈ దిక్కు బస్సులు, లాడ్జీలు, మేకపోతులు ఏవీ చేతికి రావు. ఈ దిక్కే ఉన్న రామప్ప గుడి 2021ల యునెస్కో జాబితాకెక్కింది, కేంద్ర పురావస్తు శాఖ చేతిల ఉంది. గుడి ఆవరణల మండపం వేస్తమనుకోవద్దు. దర్శనానికి పోయి రావచ్చు.

రైలు టికెట్లు, కాజీపేట:
గోవకు రైల్ల పోతే, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటది, ఒక టికెట్‌కు ఆరుగురే. ఎవరన్న ఆగిపోతే, రైలు బయలెల్లడానికి 48 గంటల ముందు పెళ్లివారి పెద్ద రాసిచ్చిన అర్జీతోని పేర్లు మార్చుకోవచ్చు, అది మందిల పది శాతం దాకనే.

తిరుమలల చేసే ఆలోచన ఉంటే, అక్కడి కల్యాణ వేదికల 2016 నుంచి టీటీడీ ఉచితంగ పెండ్లిళ్లు చేయిస్తున్నది. అయ్యగారు, మేళం వాళ్లే ఇస్తరు. పుస్తెలు, తలంబ్రాలు మీరే తెచ్చుకోవాలె. తక్కువ మందితోని చేసుకునేటోళ్లకు ఇంతకన్న మంచిది లేదు.

హన్మకొండ పెళ్లిపిల్ల అన్న:
గోవల చేస్తే రిజిస్ట్రేషన్ ఇక్కడ అయితదా?

ఈవెంట్ల పని, పరకాల:
అవుతుంది. ఇద్దరిలో ఒకరు నివాసముండే చోట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోవచ్చు. కార్డు మాత్రం జాగ్రత్త. దావత్ కార్డు ఒక్కటే కొట్టించి అందులో లగ్గం జరిగే చోటు వేయకపోతే ఆఫీసులో అడ్డం పడతారు. ముహూర్తం తేదీ, గోవ చిరునామా ఉన్న లగ్నపత్రిక నాలుగు కాపీలు విడిగా తీసిపెట్టండి. దాంతోపాటు తాళి కట్టేటప్పుడు ఇద్దరి ముఖాలూ కనిపించే ఫోటో ఒకటి కావాలని ఫోటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి.