అప్‌డేట్: సిజేరియన్ తర్వాత కూర్చుంటే వచ్చే తలనొప్పి, కారణం తెలిసి తగ్గింది

శ్రీకాకుళంలో సిజేరియన్ అయిన మా చెల్లికి లేచి కూర్చోగానే తల పగిలిపోయేంత నొప్పి వస్తోందని, పడుకుంటే తగ్గుతోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. వెన్నుకు ఇచ్చిన ఇంజెక్షన్ గురించి మత్తు డాక్టరునే అడగమన్న సలహాయే పనికొచ్చింది.

బాలింతలకు బీపీ పెరిగినా తలనొప్పి రావచ్చు కనుక, ఆయన ముందు బీపీ, జ్వరం, మెడ బిగుసుకోవడం వంటివి చూసి, ఆ అనుమానాలు తీరాక ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి మళ్లీ కూర్చోబెట్టారు; కూర్చున్న కాసేపటికే చెల్లి రెండు చేతులతో మెడ వెనుక నొక్కుకుంది. వెన్నుపాము చుట్టూ ఉండే పొరకు సూది చేసిన రంధ్రం పూడక, లోపలి ద్రవం బయటకు కారుతుండటమే కారణమని తేల్చారు. మాత్రలు, కాఫీ, విశ్రాంతి సరిపోకపోవడంతో, ఆమె చేతి నుంచి తీసిన రక్తాన్నే సుమారు 20 మిల్లీలీటర్లు వెన్నులో ఆ పొరకు వెలుపల ఎక్కించారు. దీన్ని ఎపిడ్యూరల్ బ్లడ్ ప్యాచ్ అంటారు. ఆ సాయంత్రమే కూర్చుని బిడ్డకు పాలిచ్చింది.

చెవుల్లో దూది పెట్టుకోకపోవడానికి, పథ్యానికి ఈ నొప్పితో సంబంధం లేదట. దూది మాత్రం అమ్మ ఇంకా తీయనివ్వడం లేదు. జ్వరం, కాళ్ల తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం వంటివి కనిపిస్తే వెంటనే రమ్మన్నారు, అవేమీ రాలేదు.