రెండో రన్‌వే ముసాయిదా పటంలో శబ్ద రేఖకు బయట ఉన్న ఇళ్లకు నిజంగా ఏ ఇబ్బందీ ఉండదా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. మాకు దగ్గరలో ఉన్న విమానాశ్రయంలో ఇప్పటి రన్‌వేకు సమాంతరంగా రెండో రన్‌వే వేయాలని ప్రతిపాదించి, దాని ముసాయిదా లేఅవుట్ పటాన్ని ప్రజల పరిశీలనకు పెట్టారు. మా ఇల్లు కొత్త రన్‌వే కొసకు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఉంది. రన్‌వే మధ్యగీతను అలాగే ముందుకు సాగదీస్తే అది మా కాలనీ పక్కనుంచే పోతుంది. పటంలో గీసిన శబ్ద పరిధి రేఖ మాత్రం మాకు అర కిలోమీటరు ఇవతలే ఆగిపోయింది. సమావేశంలో అడిగితే, రేఖకు బయట ఉన్నారు గనుక మీకు ప్రభావం లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడిదాకా వినిపించే మోత గీత దాటగానే ఎలా ఆగిపోతుందో నాకు అర్థం కాలేదు. ఈ రేఖను ఏ లెక్కతో గీస్తారు? రన్‌వే దిశను కొద్దిగా తిప్పమని అడగడంలో అర్థం ఉందా? అభ్యంతర పత్రంలో శబ్దం కాకుండా ఇంకేమి ప్రస్తావించాలి? ఈ విషయాలు తెలిసినవారు వివరించగలరని మనవి.

మొదటి జవాబు

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది అభ్యంతర పత్రాలు అక్కడే బలం కోల్పోతాయి. రన్‌వే దిశను నిర్ణయించేది ప్రధానంగా గాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సిఫారసు ప్రకారం, పక్కగాలి అడ్డు లేకుండా ఆ విమానాశ్రయం కనీసం 95 శాతం సమయం వాడకానికి వీలుగా ఉండాలి. పెద్ద విమానాలు దిగే రన్‌వేకు పక్కగాలి పరిమితిని గంటకు 37 కిలోమీటర్లుగా తీసుకుంటారు, అందుకు వీలైతే ఐదేళ్లకు తగ్గని గాలి లెక్కలను చూస్తారు. పైగా మీ దగ్గర వేస్తున్నది సమాంతర రన్‌వే. దాన్ని కాస్త తిప్పినా రెండింటినీ ఒకేసారి వాడుకునే సౌలభ్యం దెబ్బతింటుంది, కాబట్టి వారు ఒప్పుకోరు.

రెండు రన్‌వేల మధ్య దూరం మాత్రం తప్పక అడగవలసిన విషయం. పరికరాల సాయంతో రెండింటి మీదా ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఏకకాలంలో దిగాలంటే మధ్యగీతల నడుమ కనీసం 1035 మీటర్లు ఉండాలి. ఒకదాని నుంచి ఎగురుతూ రెండోదాని మీద దిగడానికి సాధారణంగా 760 మీటర్లు చాలు. పటంలో ఉన్న దూరాన్ని బట్టి, రెండో రన్‌వేను వారు దేనికోసం వేస్తున్నారో మీరే ఊహించవచ్చు.

ఇక మార్చడానికి వీలున్నవి. రన్‌వేను పొడవు దిశలో ముందుకో వెనక్కో జరపవచ్చు, లేదా రన్‌వేను కదపకుండా విమానాలు దిగే గుర్తును మాత్రం లోపలికి జరపవచ్చు. దిగే విమానం సాధారణంగా 3 డిగ్రీల వాలులో వస్తుంది, అంటే కిలోమీటరుకు 52 మీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. రన్‌వే కొసను దాటేటప్పుడు ఉండే సుమారు 15 మీటర్లను కూడా కలిపితే, మీ కాలనీ దగ్గర అది సుమారు 275 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గుర్తును 500 మీటర్లు లోపలికి జరిపితే మరో 26 మీటర్లు పెరుగుతుంది. నిజం చెప్పాలంటే మీకు దీనివల్ల ఒరిగేది ఒక డెసిబెల్‌కు లోపే. కొసకు కిలోమీటరు దూరంలో ఉన్నవారికైతే 67 మీటర్ల ఎత్తు 93 మీటర్లవుతుంది గనుక దాదాపు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. వారి తరఫున అడగండి.

మీకు ఎక్కువ పనికివచ్చేది వాడకం క్రమం. లండన్ హీత్రోలో పడమటి గాలి ఉన్న రోజుల్లో దిగే విమానాలను మధ్యాహ్నం 3 గంటలకు ఒక రన్‌వే నుంచి మరో రన్‌వేకు మారుస్తారు. దానివల్ల ప్రతి కాలనీకీ రోజులో కొన్ని గంటలు ఊపిరి పీల్చుకునే వీలు ముందుగానే తెలిసి ఉంటుంది. మీ పటంలో రెండో రన్‌వే దిగడానికే కేటాయించి ఉంటే, మీకు ఆ వీలు ఉండదు.

రెండో జవాబు

రేఖ సంగతి నేను చెబుతాను. ఆ రేఖ శబ్దం ఆగిపోయే చోటు కాదు, సగటు ఒక అంకెను దాటే చోటు మాత్రమే. ఏడాది మొత్తంలో వినిపించే విమానాల శబ్ద శక్తినంతా కలిపి రోజుకు సగటు కడతారు. అమెరికాలో వాడే పద్ధతిలో రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు వచ్చే ప్రతి విమానానికి 10 డెసిబెల్స్ కలుపుతారు, అంటే రాత్రిపూట ఒక విమానం పగటిపూట పది విమానాలతో సమానం. ఐరోపా పద్ధతిలో సాయంత్రానికి కూడా 5 డెసిబెల్స్ కలుపుతారు. ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. విమానాల సంఖ్య రెట్టింపైనా సగటు 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. కాగితం మీద రేఖ కొంచెం జరుగుతుంది గాని, కింద ఉన్నవారి మాట మధ్యలో ఆగిపోవడం మాత్రం రెండింతలవుతుంది.

ఏ అంకె దగ్గర గీత గీయాలన్నది కూడా శాస్త్రం ఒక్కటే తేల్చిన విషయం కాదు. అమెరికా నియమాలు 65 డెసిబెల్స్ దగ్గర గీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు విమాన శబ్దం రోజువారీ సగటున 45 డెసిబెల్స్‌కు, రాత్రివేళ 40కి లోపు ఉండాలని గట్టిగా సిఫారసు చేశాయి. రెండు లెక్కల పద్ధతి అచ్చంగా ఒకటి కాకపోయినా, ఆ రెండు అంకెల మధ్యలో ఎంత జనాభా ఉండిపోతుందో ఆలోచించండి. మీరు ఉన్నది బహుశా అక్కడే.

సిడ్నీలో 1994లో మూడో రన్‌వే తెరిచాక వచ్చిన ఆగ్రహానికి ఈ సగటు రేఖలు కూడా ఒక కారణం, ఎందుకంటే రేఖకు బయట ఉన్నవారు తమకు ఏమీ ఉండదని నమ్మారు. ఆ అనుభవం నుంచే అక్కడ మరో రకం పటం వాడుకలోకి వచ్చింది: ఒక చోట రోజుకు 70 డెసిబెల్స్ దాటే విమానాలు ఎన్ని అని అది చూపుతుంది. ఆ పటం కావాలని రాతపూర్వకంగా అడగండి. రోజుకు ఇన్నిసార్లు అని చెబితే మామూలు మనిషికి వెంటనే బోధపడుతుంది.

మీ కాలనీలో బడి ఉంటే దాన్ని ప్రత్యేకంగా రాయండి. మ్యూనిక్‌లో 1992లో పాత విమానాశ్రయం మూసి కొత్తది తెరిచినప్పుడు రెండు చోట్లా పిల్లలను ముందూ వెనుకా పరీక్షించారు. కొత్తదాని దగ్గరి పిల్లలకు చదివి అర్థం చేసుకోవడంలోను జ్ఞాపకంలోను వెనుకబాటు కనిపించింది, పాతదాని దగ్గరి పిల్లలు కోలుకున్నారు. ఈ విషయంలో ఇంతకంటే సూటి ఆధారం నేను చూడలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నివేదిక అనుబంధం తిరగేస్తే, రేఖను రన్‌వే ప్రారంభించిన తొలి ఏడాది విమానాల సంఖ్యతో గీసినట్టు కనిపించింది, పూర్తి సామర్థ్యంతో కాదు. ఇంకొక సందేహం. కాలనీ నుంచి ఆసుపత్రి వైపు పోయే పాత రోడ్డు కొత్త రన్‌వే కింద కలిసిపోతోంది. ఇళ్ల ఎత్తు మీద కూడా ఆంక్షలు వస్తాయంటున్నారు. ఇవి లేఅవుట్ అభ్యంతరాల్లోకి వస్తాయా?

మూడో జవాబు

తప్పకుండా వస్తాయి, అసలు శబ్దం కంటే ఇవే ముందు రావాలని నా అభిప్రాయం. రన్‌వే అంటే తారు వేసిన పట్టీ ఒక్కటే కాదు. దాని కొసల అవతల 60 మీటర్ల పట్టీ, ఆపైన జారిపోయిన విమానం ఆగడానికి భద్రతా ప్రాంతం ఉంటాయి. ఆ ప్రాంతానికి 90 మీటర్లు తప్పనిసరి, పెద్ద రన్‌వేలకు 240 మీటర్లు సిఫారసు. మూడు, నాలుగు కిలోమీటర్ల పొడవున ఇలా అడ్డుగోడ లేచినప్పుడు, సొరంగ మార్గమో ప్రత్యామ్నాయ రోడ్డో నిర్మాణానికి ముందే సిద్ధం కావాలని షరతు కోరండి. తరువాత వేస్తామన్న హామీ చాలదు, ఎందుకంటే పని మొదలయ్యాక రోడ్డు మూసివేత మొదటి నెలలోనే జరుగుతుంది.

ఎత్తు విషయంలో మామూలు ఇళ్లకు భయం అక్కరలేదు. పెద్ద రన్‌వే చుట్టూ 4 కిలోమీటర్ల వరకు, విమానాశ్రయ మట్టానికి 45 మీటర్ల పైన ఒక ఊహారేఖా తలాన్ని గీసి, దాన్ని దాటే కట్టడాలను అనుమతించరు. దిగే దారిలో వేరే వాలు తలం ఉంటుంది. అయితే ఈ ఎత్తులను విమానాశ్రయ మట్టం నుంచి కొలుస్తారు, మీ నేల నుంచి కాదు. మీ కాలనీ మెరకన ఉంటే ఆ మేరకు మీకు మిగిలేది తగ్గుతుంది.

వర్షపు నీటిని ఎవరూ పట్టించుకోరు. అంత నేలను కాంక్రీటుతో కప్పితే ఇంకవలసిన నీరంతా ఒక్కసారిగా పల్లానికి వస్తుంది. చెరువు తవ్వి నిలుపుదామంటే పక్షులు చేరి విమానాలకు ప్రమాదమవుతాయి గనుక, త్వరగా ఖాళీ అయ్యే తొట్లనో భూగర్భ నిల్వలనో పెట్టాలి. పటంలో అవి ఎక్కడున్నాయో చూడండి.

పక్కగా ఉండేవారికి వేరే బాధ ఉంది. పరుగు మొదలుపెట్టే విమానం వెనుక నుంచి నేలను పట్టుకుని వచ్చే లోతైన గుడగుడ శబ్దానికి మామూలు గోడ అంతగా అడ్డుకాదు. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో 2003లో తెరిచిన రన్‌వే దగ్గర ఇదే సమస్య వచ్చింది. పొలాలు దున్నిన రోజుల్లో ఆ శబ్దం తగ్గుతోందని గమనించి, నాగలి చాళ్లలాంటి పెద్ద మట్టి గట్లను వరుసగా పోసి 2013లో ఒక ఉద్యానవనం చేశారు. దున్నిన నేల చెప్పిన పాఠం అది. మన ఇంజనీర్లు కూడా ఒకసారి వింటే బాగుండును.

నాలుగో జవాబు

ఒక హెచ్చరిక. లేఅవుట్ ఆమోదం వేరు, ఆకాశంలో దారుల నిర్ణయం వేరు, రెండోది చాలాసార్లు తరువాత జరుగుతుంది. ఫీనిక్స్‌లో 2014లో కొత్త రన్‌వే ఏదీ వేయకుండానే ఉపగ్రహ మార్గదర్శకంతో దారులను మార్చారు. అంతకుముందు విశాలంగా చెదిరి పోయే విమానాలు సన్నని దారిలో ఒకదాని వెనుక ఒకటి రావడంతో, అప్పటివరకు ప్రశాంతంగా ఉన్న వీధులు మోతెక్కిపోయాయి. 2017లో న్యాయస్థానం ఆ మార్పు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది, కానీ మూడేళ్లు గడిచిపోయాయి. కాబట్టి దారులను ఖరారు చేయకుండా రేఖను ఏ ఊహ మీద గీశారో ఇప్పుడే అడగండి. తొలి ఏడాది సంఖ్యతో గీసిన రేఖను పూర్తి సామర్థ్యంతో మళ్లీ గీయమనడం కూడా న్యాయమైన కోరికే.

రాత్రి నిషేధం కోరదలచుకుంటే అనుమతి ఇచ్చేముందే కోరాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011లో కొత్త రన్‌వే తెరుచుకోబోయే రోజుల్లోనే రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు విమానాలను న్యాయస్థానం ఆపింది, మరుసటి ఏడాది పై న్యాయస్థానమూ దాన్ని నిలబెట్టింది.

మొదటి జవాబు రాసినవారు

పై మాటకు చిన్న చేర్పు. నిషేధాన్ని ఒంటరిగా అడగకండి. రాత్రి ఆపిన విమానాలన్నీ నిషేధం ముగిసిన తొలి గంటలో గుంపుగా వచ్చిపడే అవకాశం ఉంది, నిద్ర చెడేది ఆ గంటలోనే. సిడ్నీలో రాత్రి నిషేధంతో పాటు గంటకు 80 విమానాలకు మించకూడదన్న పరిమితి కూడా చట్టంలో ఉంది. మీ పత్రంలో ఉదయపు తొలి గంటకు విడిగా, అంతకంటే తక్కువ పరిమితిని కోరుతూ ఒక పేరా చేర్చండి.