సమస్యాపూరణం: జాగు చేయు బండి సౌఖ్య మొసగు

ఇది ఆటవెలది చివరి పాదం. కొత్తవలస–కిరండూల్ లైనులో అరకు ఎక్కే పగటి బండి మీద ముందు మూడు పాదాలు రాసి పూరించండి. జా–సౌ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొందిక) ఎలాగంటారేమో: చవర్గానికి శషసలతో, ఆ-కు ఔ-తో మైత్రి ఉంది.

కొత్తవలస వారు:
కొండ కొంగు పట్టి గుహల దూరుచు నెక్కి
బొర్ర దాటు వేళ బుగ్గ తడుపు
మబ్బు తునక కొఱకు మలుపు మలుపునందు
జాగు చేయు బండి సౌఖ్య మొసగు

బొబ్బిలి వారు: మబ్బు తునక కోసం ఆగడం బాగుంది. కానీ పక్కనే బొర్ర ఉండగా 'గుహల' అంటే పాఠకుడు బొర్రా గుహల్లోకే పోతాడు. సొరంగం అనాలి.

కొత్తవలస వారు: 'సొరంగ' లగంతో (లఘువు, గురువు) మొదలవుతుంది, గణంలో ఇమడదండీ.

నిర్వాహకులు: పాదం మొదట ఇమడదు. ముందొక గురువుంటే విరుగుతుంది: 'కొండ–లో సొ–రంగ', మూడూ గలాలే (గురువు, లఘువు). అయితే కొండ కొంగు పోతుంది. నేనైతే గుహలనే ఉంచుతాను.

ఎస్.కోట వారు:
ఇనుప రాయి బండి కెదురుగ దారిచ్చి
చిమిడిపల్లి కడను నిలిచె నిపుడు
పండు పనస తొనల పరిమళ మందించి
జాగు చేయు బండి సౌఖ్య మొసగు

నిర్వాహకులు: రెండో పాదంలో చి–ని, యతిభంగం. పైగా 'నిలిచె' అని క్రియ ముగిస్తే నాలుగో పాదంతో అన్వయం తెగింది. 'చిమిడిపల్లి కడను సేద దీరి' అంటే రెండూ తీరతాయి. మొదటి పాదంలో ఇ–కె తప్పని తొందరపడకండి. బండికి + ఎదురుగ, లోపల ఎ ఉంది.

బొబ్బిలి వారు: 'ఎదురుగ' కూడా సరైన మాటే. బైలడిల్లా గనుల ఖనిజం నింపుకున్న గూడ్సు బండ్లు విశాఖ వైపు దిగుతాయి, మన బండి ఎక్కుతుంది. ఒంటి లైనున్న చోట క్రాసింగు స్టేషన్లోనే పడాలి, ఒకటి లూపులో (పక్క పట్టాల మీద) నిలబడాలి. పనస తొనలకు తీరిక అక్కడే.

పార్వతీపురం వారు:
కిటికి యంచు నుండి గెడ్డలు గనిపింప
త్యాడ దాటినంత దారి వంగి
తోక పెట్టె వచ్చి తొంగి చూచుచు నుండ
జాగు చేయు బండి సౌఖ్య మొసగు

నిర్వాహకులు: 'కనిపింప' తర్వాత ద్రుతం (కనబడని న-కారం) ఉంది, దానివల్ల త్యాడ 'ద్యాడ' అవుతుంది, ఊరి పేరు చెడుతుంది. 'గెడ్డలు (వాగులు) గనవచ్చు' అనండి. 'కిటికీ' అని దీర్ఘం ఉంచితే సగణం (రెండు లఘువులు, గురువు), ఇక్కడ చెల్లదు, కుదించడం మంచిదైంది.

ఎస్.కోట వారు: మూడో పాదం ఈ పోటీకే సొగసు. తోక పెట్టె కనబడాలంటే ముందు పెట్టెల్లో, వంపు లోపలి వైపు కిటికీ దొరకాలి. బయటి వైపు కూర్చున్నవారికి ఆ మలుపులో తోక కనబడదు. వంపులు రెండు వైపులా తిరుగుతాయి కనుక ఎదుటి వరుస వాళ్లతో చోటు మార్చుకోవాలి.