కార్టియర్ చరిత్రలో మన రాజుల నగల పాత్ర ఎంత?

ముత్యాలసరం:
ఫ్రాన్స్ నగల కంపెనీ కార్టియర్ గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ. 1847లో లూయీ ఫ్రాన్స్వా కార్టియర్ అనే ఆయన ప్యారిస్‌లో తన గురువు పికార్ వర్క్‌షాప్ తీసుకుని మొదలుపెట్టాడు, మనవళ్ళ కాలానికి యూరప్ రాజకుటుంబాలకి నగలు చేసే స్థాయికి వెళ్ళారు అని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు. నేను తెలుసుకోవాలనుకునేది వేరే. పటియాలా మహారాజు లాంటివాళ్ళు ఖజానాలో ఉన్న రాళ్ళు పట్టుకెళ్ళి మరీ ప్యారిస్‌లో ఎందుకు చేయించుకున్నారు? ఇక్కడ పనివాళ్ళకి కొదవా? ఇంకోటి, ఎలిజబెత్ రాణికి నిజాం ఇచ్చిన హారం ఆయన వంశపు నగ అని కొందరు, కార్టియర్‌ది అని కొందరు అంటున్నారు. ఏది నిజం?

రాళ్ళపని:
పనివాళ్ళకి కొదవేం లేదండీ, పని పద్ధతే వేరు. నేను రాళ్ళు పొదిగే పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. మన కుందన్ పనిలో రాయి వెనక రేకు పెట్టి, చుట్టూ మేలిమి బంగారం నొక్కి మూసేస్తారు, కాబట్టి వెలుతురు ముందు నుంచి లోపలికి వెళ్ళి రేకు మీద పడి తిరిగి రావాల్సిందే. రంగు గాఢంగా కనిపిస్తుంది, నిండుతనం ఉంటుంది, కానీ కొత్తరకం కటింగ్ చేసిన వజ్రం మెరుపు పూర్తిగా బయటికి రాదు. 1900 ప్రాంతంలో లూయీ కార్టియర్ (ఈయన మనవడు, వ్యవస్థాపకుడు కాదు) ప్లాటినం వాడకం బాగా పెంచాడు. అంతకుముందు ఫ్రాన్స్‌లో వజ్రాలకి వెండి వాడేవాళ్ళు, అది నల్లబడుతుంది, పైగా మెత్తన, రాయి నిలవాలంటే మందంగా పెట్టాలి. ప్లాటినం అయితే సన్నటి కొక్కేలు చాలు, వెనక అంతా ఓపెన్. దూరం నుంచి చూస్తే లోహం కనపడదు, రాళ్ళే ఒంటి మీద నిలబడ్డట్టు ఉంటాయి. అప్పటి రాజులకి కావాల్సింది సరిగ్గా అదే.

కానీ ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది, ఇది జనం మర్చిపోతున్నారు. ఆకుల్లా, పువ్వుల్లా చెక్కిన పచ్చలు, కెంపులు, నీలాలు ఇక్కడి నుంచే వెళ్ళాయి. ప్యారిస్ వాళ్ళు వాటిని మళ్ళీ సానపట్టకుండా ఉన్నవి ఉన్నట్టుగా ప్లాటినంలో పొదిగారు. ఇప్పుడు టుట్టీ ఫ్రుట్టీ అని పిలిచే నగలు అవే (ఆ పేరు చాలా తర్వాత వచ్చింది). విడ్డూరం ఏంటంటే మొఘలుల కాలపు ఆ పచ్చల్లో చాలా వరకు అసలు కొలంబియా గనుల్లోవి, సముద్రాలు దాటి ఇక్కడికొచ్చి చెక్కించుకుని మళ్ళీ యూరప్ వెళ్ళాయి.

పాతనాణెం:
పై జవాబు బాగుంది. దానికి వ్యాపారం వైపు కొంచెం కలుపుతాను. వ్యవస్థాపకుడి మనవళ్ళు ముగ్గురు అన్నదమ్ములు ఊళ్ళు పంచుకున్నారు: లూయీ ప్యారిస్‌లో, పియెర్ న్యూయార్క్‌లో, జాక్ లండన్‌లో. బ్రిటిష్ ఇండియాతో లావాదేవీలు నడిచేది లండన్ నుంచే కాబట్టి మన సంస్థానాలు జాక్ వాటాకి వచ్చాయి. 1911 ఢిల్లీ దర్బార్‌కి ఆయన స్వయంగా వచ్చాడు. యూరప్‌లో పెద్ద నగలంటే ఆడవాళ్ళవే, ఇక్కడ మాత్రం మగవాళ్ళు తమ కోసమే ఆర్డర్లిచ్చారు. ఆ తర్వాత జాక్ ముత్యాల కోసం పర్షియన్ గల్ఫ్ కూడా తిరిగాడు. అప్పట్లో మంచి సహజ ముత్యాల ముందు వజ్రాలు కూడా దిగదుడుపే. 1917లో న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఒక భవంతిని పియెర్ కొన్నది రెండు పేటల ముత్యాల హారం, 100 డాలర్ల నగదు ఇచ్చి! హారం విలువ 10 లక్షల డాలర్లు కట్టారు. తర్వాత జపాన్ నుంచి పెంపకపు ముత్యాలు మార్కెట్‌ని ముంచెత్తాయి, 1957లో అదే హారం వేలంలో 1,51,000 డాలర్లకి పోయింది. ఆ భవంతి మాత్రం ఇప్పటికీ వాళ్ళ షోరూమే.

దక్కనీ:
నిజాం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఈ గందరగోళం చూసి చూసి విసుగొచ్చింది. ఆ హారం ఆయన వంశపు నగ కాదు. 1947లో ఎలిజబెత్ పెళ్ళికి అప్పటి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏం చేశారంటే, లండన్ కార్టియర్ దుకాణంలో నచ్చింది తీసుకోమని కబురు చేశారు, ఆవిడ హారం, కిరీటం ఎంచుకున్నారు. కిరీటాన్ని తర్వాత విప్పేశారు, అందులోని గులాబీ బ్రోచ్‌లు మిగిలాయి. హారం 2014లో ఎలిజబెత్ మనవడు విలియం భార్య కేట్ మెడలో కనిపించింది. నిజాంల సొంత నగలు వేరు, వాటిని 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకి కొన్నది. 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం వాటిలోదే. ఈ రెంటినీ దయచేసి కలపకండి.

ముత్యాలసరం:
అందరికీ చాలా థ్యాంక్స్. మరి పటియాలా హారం ఏమైంది?

పాతనాణెం:
1928లో పటియాలా మహారాజు భూపిందర్ సింగ్‌కి పూర్తిచేసి ఇచ్చిన ఆ హారంలో 2,930 వజ్రాలు, మధ్యలో 234.65 క్యారెట్ల డి బీర్స్ వజ్రం. 1948 ప్రాంతంలో ఖజానా నుంచి మాయమైంది. డి బీర్స్ వజ్రం ఒక్కటే 1982లో జెనీవా వేలంలో తేలింది. 1998లో లండన్‌లో హారం చట్రం దొరికితే కార్టియర్ వాళ్ళే కొని, పోయిన పెద్ద రాళ్ళ స్థానంలో నకళ్ళు పెట్టి కొన్నేళ్ళు కష్టపడి బాగుచేశారు. నా అభిప్రాయంలో వాళ్ళు చేసిన మంచి పనుల్లో అదొకటి, అసలు రాళ్ళు లేకపోయినా ఆ పేటల అమరిక ఎలా ఉండేదో ఇప్పుడు కళ్ళారా చూడొచ్చు.