బెంగళూరులో ఉండి ఊరి ఓటు ఇక్కడే వేసే రోజు వస్తుందా?

మారతహళ్లి ప్రొద్దుటూరోడు:
ఓటు ఊళ్లో, ఉద్యోగం ఇక్కడ. 2024 మే 13, సోమవారం ఏపీ పోలింగ్ అనేసరికి బస్సులో సీటు దొరకడమే గగనమైంది, ట్రావెల్స్ వాళ్లు చెప్పిందే రేటు. డబ్బంతా ఫోన్లోనే పంపుకుంటున్నాం, ఓటెందుకు వేయలేం? ఎన్నికల సంఘం రిమోట్ ఓటింగ్ మెషిన్ తెస్తామంది కదా, అదెక్కడ ఆగింది? చట్టం తెలిసినవాళ్లు చెప్పండి.

లా చదివిన కర్నూలు:
చట్టం దగ్గరే చిక్కు, బ్రదర్. ఇక్కడి బూత్‌లో ఒకే మెషిన్ మీద 72 నియోజకవర్గాల దాకా ఓటు వేయించాలన్నది ఆలోచన. దానికి 1950, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టాలు, 1961 రూల్స్ మార్చాలి, వలస ఓటరంటే ఎవరో నిర్వచించాలి, పోలింగ్ ఏపీదైతే కర్ణాటకలో ఎన్నికల కోడ్ ఎలా అమలు చేయాలో తేల్చాలి. దీనిపై ఎన్నికల సంఘం పార్టీలతో పెట్టిన 2023 జనవరి మీటింగ్‌లో ప్రతిపక్షాలు చాలావరకు ఒప్పుకోలేదు. చట్టం మార్చకుండా మెషిన్ పెడితే ఏమవుతుందో కేరళలో చూశాం. 1982లో పరవూరులో 50 బూత్‌లలో ఈవీఎంలు వాడితే, చట్టంలో లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్ కొట్టేసింది, మళ్లీ పేపర్ బ్యాలెట్‌తో పెడితే ఫలితమే తారుమారైంది. ఈవీఎంలకు వీలిచ్చే 1951 చట్టంలోని 61ఎ సెక్షన్ అమల్లోకి వచ్చింది 1989లో.

హెచ్‌ఎస్‌ఆర్ అక్క:
మెషిన్ ఇక్కడి బూత్‌లో పెడతామంటే సరే, ఫోన్ ఓటు మాత్రం వద్దు, దండం పెడతా. 2021లో ఖమ్మంలో ఫోన్ ఓటింగ్ ట్రయల్ చేశారు, అది ఉత్తుత్తి పోలింగే. ఇప్పుడు డబ్బు పంచినవాడికి మనం ఎవరికి వేశామో తెలిసే దారి లేదు, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ కూడా 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది గానీ చేతికివ్వరు. ఫోన్లో అయితే పక్కనే కూర్చుని నొక్కిస్తాడు. ఇంట్లో మొగుడో, మామో చెప్పినట్టు వేయాల్సి వచ్చే ఆడవాళ్ల సంగతేంటి? బూత్‌లో ఆ అట్ట చాటునైనా వాళ్ల నిర్ణయం వాళ్లది. ఎస్టోనియాలో 2005 నుంచి ఆన్‌లైన్ ఓటుంది, బలవంతంగా వేయించినా మళ్లీ వేసుకోవచ్చు, చివరిదే లెక్క. మన దగ్గర పోలింగ్ అయ్యేదాకా ఆ ఫోనే లాక్కుని పెట్టుకుంటారు.

మడివాళ చిత్తూరు:
ఏళ్లుగా ఇక్కడే ఉంటుంటే ఫారం 8 పెట్టి ఓటు ఇక్కడికి మార్చుకో. మామూలుగా నివసించే చోటే ఓటని 1950 చట్టం సెక్షన్ 19 అంటోంది.

మారతహళ్లి ప్రొద్దుటూరోడు:
అమ్మానాన్న అక్కడ, పొలం అక్కడ, మా ఊరి రోడ్డు పడాలంటే నేను నిలదీయాల్సింది అక్కడి ఎమ్మెల్యేని. రెండు చోట్లా ఉంచుకోవచ్చా?

లా చదివిన కర్నూలు:
కుదరదు. 17, 18 సెక్షన్లు ఒప్పుకోవు, పాత ఓటు దాచి కొత్తగా అప్లై చేస్తే తప్పుడు డిక్లరేషన్ కింద ఏడాది దాకా జైలు. సెక్షన్ 20 మాత్రం చదువు. ఊళ్లో ఇల్లున్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదంటుంది, తాత్కాలికంగా బయటున్నంత మాత్రాన ఓటు పోదనీ అంటుంది. నువ్విక్కడ తాత్కాలికమా కాదా అన్నది నిజాయితీగా నువ్వే తేల్చుకోవాలి.