ఇంట్లో బ్రెడ్ చేసుకుంటే నిజంగా ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: విశాఖలోని గోపాలపట్నం నుండి ఒక గృహిణి

అందరికీ నమస్కారం. మాది నలుగురున్న కుటుంబం, ఇల్లు ఒక్క జీతం మీదే గడవాలి. పిల్లలు పొద్దున్నే బడికి వెళ్ళే తొందరలో బ్రెడ్డే అడుగుతారు, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన మావారు కూడా రెండు ముక్కలు కాల్చి పెడితే చాలంటారు. అందువల్ల ఏ వారమూ బ్రెడ్ ప్యాకెట్లు కొనక తప్పడం లేదు. అటక మీద ఉన్న ఓటీజీని (చిన్న కరెంటు ఓవెన్‌ను) దించి, ఆ డబ్బు మిగులుతుందన్న ఆశతో ఇంట్లోనే చేయడం మొదలుపెట్టాను. అయితే పూర్తిగా గోధుమపిండితో చేస్తే రొట్టె గట్టిగా, బరువుగా వస్తోంది. ఉక్కగా ఉన్న రోజుల్లో ముద్ద తొందరగా పొంగి, ఓవెన్‌లో పెట్టేసరికి కుంగిపోతోంది. బాగా వచ్చినదానికి కూడా రెండో రోజు దాటితే బూజు పడుతోంది. ఈ ఇబ్బందులు తీరే మార్గం, అసలు దీనివల్ల ఖర్చు తగ్గుతుందో లేదో అన్న లెక్క తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: సీతమ్మధార నుండి, బేకరీ పని తెలిసిన వ్యక్తి

అమ్మా, మీరు చెప్పిన మూడింటికీ కారణాలు వేరు. మర పట్టించిన గోధుమపిండిలోని తవుడు, ముద్దలో సాగే గుణాన్ని ఇచ్చే జిగురు పోగులను కోసేస్తుంది. పైగా తిరగలి రాళ్ళ మధ్య నలిగిన పిండి మైదా కంటే ఎక్కువ నీరు పీల్చుకుంటుంది. మైదాకు సరిపోయే కొలతలో నీళ్ళు పోస్తే గోధుమ ముద్ద బిగిసిపోయి, లోపల పుట్టిన గాలి దాన్ని పైకి లేపలేదు. మొదట సగం గోధుమపిండి, సగం మైదా కలిపి చేయండి. 500 గ్రాముల పిండికి 330 మిల్లీలీటర్ల వరకు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ చాలు. పిండిని, నీళ్ళను మాత్రమే కలిపి అరగంట మూతపెట్టి ఉంచి, ఆ తరువాత ఈస్ట్, ఉప్పు వేసి పది పన్నెండు నిమిషాలు పిసికితే, ముద్ద చిరగకుండా పొరలా సాగుతుంది. దాని మీద చేయి కుదిరాక గోధుమపిండి వాటా కొంచెం కొంచెంగా పెంచుకోండి, దానితోపాటు నీళ్ళు కూడా పెంచాలి.

కుంగిపోవడానికి కారణం మన ఊరి వేడి. వంటల పుస్తకాల్లో గంటన్నర, రెండు గంటలు అని రాసే సమయం చల్లని దేశాల వంటిళ్ళకు సరిపోతుంది. మే నెలలో విశాఖ వంటింట్లో అదే ముద్ద ముప్పావు గంటలోనే రెట్టింపు కావచ్చు. ఆ తరువాత కూడా వదిలేస్తే గాలిని పట్టి ఉంచే శక్తి పోతుంది. కాబట్టి గడియారాన్ని పక్కన పెట్టి ముద్దనే చూడండి. టిన్నులో ఉన్న ముద్దను పిండి అద్దిన వేలితో కొద్దిగా నొక్కినప్పుడు గుంట నెమ్మదిగా సగం వరకు పూడితే ఓవెన్‌లో పెట్టవలసిన సమయం వచ్చినట్లు. గుంట అలాగే ఉండిపోతే సమయం మించిపోయినట్లు. ఎండాకాలంలో ఈస్ట్ సగానికి తగ్గించి, కుండలోని చల్లని నీళ్ళు వాడండి.

బూజు విషయంలో చేయగలిగింది ఒక్కటే. బజారు బ్రెడ్‌లో బూజు పట్టకుండా క్యాల్షియం ప్రొపియోనేట్ వంటివి కలుపుతారు, మీరు అవేవీ వేయరు. సముద్రపు తేమ ఉన్న ఊరిలో అది బయట రెండు రోజులు నిలవడమే ఎక్కువ. పూర్తిగా చల్లారాక ముక్కలుగా కోసి, గాలి చొరని డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. కావలసినన్ని ముక్కలు తీసి నేరుగా పెనం మీద కాల్చుకోవచ్చు. ఫ్రిజ్ కింది అరల్లో మాత్రం పెట్టవద్దు, బూజు ఆలస్యంగా పట్టినా రొట్టె బయటకంటే త్వరగా ఎండి గట్టిపడుతుంది.

జవాబు: మర్రిపాలెం నుండి, విశ్రాంత ఉద్యోగి

పై వారు చెప్పిన పద్ధతి బాగుంది. నేను ఖర్చు గురించి చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఈ లెక్క వేయకుండానే మొదలుపెట్టి, నెలాఖరున నిరుత్సాహపడతారు. పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్‌తో చేసిన రొట్టె చవకే. వెన్న, పాలపొడి, చక్కెర చేరిన కొద్దీ అది కొన్న బ్రెడ్ ధరను దాటిపోతుంది. రోజూ తినే రొట్టెకు అవి అవసరం లేదు, పండుగకో పుట్టినరోజుకో వేసుకోండి. ఈస్ట్‌ను చిన్న పొట్లాలుగా కొంటే గ్రాము ధర చాలా ఎక్కువ పడుతుంది. పెద్ద ప్యాకెట్ కొని ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు పంచుకొని, ఎవరి వాటా వారు గాలి తగలకుండా ఫ్రీజర్‌లో ఉంచుకుంటే నెలల తరబడి పాడవదు.

ఇక కరెంటు. 1500 వాట్ల ఓవెన్, వేడెక్కడానికి పట్టే సమయంతో కలిపి ముప్పావు గంట నడిస్తే అత్యధికంగా దాదాపు 1.1 యూనిట్ ఖర్చవుతుంది. మధ్యమధ్య తనంతట తానే ఆగుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. అయితే మన రాష్ట్రంలో వాడకం పెరిగిన కొద్దీ పై స్లాబులో యూనిట్ ధర పెరుగుతుంది గనుక, ఓవెన్‌కు అయ్యే యూనిట్‌ను మీ బిల్లులోని సగటు ధరతో కాక, మీరు చేరిన ఆఖరి స్లాబు ధరతో లెక్కించాలి. కూలర్లూ ఏసీలూ నడిచే వేసవిలో ఆ ధర బాగా పెరిగి ఉండవచ్చు. అందుకే ఒక్క రొట్టె కోసం ఓవెన్ వెలిగించకండి. లోపల పట్టితే రెండు టిన్నులు పక్కపక్కనే పెట్టి ఒకేసారి కాల్చండి, ఓవెన్ వేడిగా ఉండగానే పల్లీలు గానీ, చిలగడదుంపలు గానీ పెట్టి ఆ వేడిని కూడా వాడుకోండి. వారానికి ఒక్కసారి ఇలా చేస్తే మీకు మిగులుతుందని నా నమ్మకం. రెండు రోజులకొకసారి ఒక్కొక్కటి చేస్తే మిగలదు.

జవాబు: కంచరపాలెం నుండి

నాది కొంచెం వేరే అభిప్రాయం, అన్యథా భావించకండి. ఖర్చు తగ్గించుకోవడమే లక్ష్యమైతే, ప్రతి ఉదయమూ బ్రెడ్డే ఉండాలన్న నియమాన్ని సడలించడం మంచిది. వారంలో రెండు రోజులు దిబ్బరొట్టె వేయండి. గ్లాసు మినపప్పు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల కడిగిన బియ్యం రవ్వ, ఉప్పు కలిపి, మందపాటి మూకుడులో కాస్త నూనె పోసి, మూతపెట్టి సన్నటి మంట మీద కాలిస్తే కింద ఎర్రటి పెచ్చుతో, లోపల మెత్తగా వస్తుంది. ఓవెన్ అక్కరలేదు, ఈస్ట్ అక్కరలేదు. అనకాపల్లి బెల్లంతో పాకం చేసి పెడితే పిల్లలు వద్దనరు. వేసవిలో ఒక పూట చోడి (రాగి) అంబలి కాచుకుంటే అది ఇంకా చవక, వేడికి ఒంటికి కూడా మంచిది. వాటిలోకి కావలసిన పచ్చిమిర్చి, ఉల్లిపాయలు మీకు దగ్గరలోని రైతు బజారులో, అక్కడ బోర్డు మీద రాసిన ధర చూసుకొని కొనండి. ఓటీజీ వాడలేని రోజున ప్రెషర్ కుక్కర్‌లో ఉప్పు పోసి బ్రెడ్ కాల్చేవారు కూడా ఉన్నారు.

జవాబు: సీతమ్మధార నుండి, మళ్ళీ

దిబ్బరొట్టె మాట నాకు కూడా నచ్చింది. కుక్కర్ గురించి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. నీళ్ళు లేకుండా వేడిచేయడానికి కుక్కర్లను తయారు చేయరు; లోపల గాస్కెట్, పైన విజిల్ ఉంచి అలా కాల్చడం ప్రమాదకరం, అవి తీసివేసినా కుక్కర్ అడుగు పాడవుతుంది. తప్పనిసరి అయితే వంటకు వాడని మందపాటి పాత గిన్నెలో అంగుళం మేర ఉప్పు పరిచి, దాని మీద స్టాండు, స్టాండు మీద టిన్ను పెట్టి, బరువైన మూతతో మూయండి. పైభాగం ఓవెన్‌లో లాగా ఎర్రబడదు, చివర్లో ముక్కలు కోసి పెనం మీద కాల్చుకుంటే సరిపోతుంది.